మా పెద్దనాయిన తుపాకి పాఠం

పెద్దనాయిన పోయాడని అన్న ఫోన్ చేసినప్పుడు నేను బడిలో పిల్లలకు పాఠాలు ముగించుకుని నారాయణఖేడ్ బస్టాండులో నిలబడి ఉన్నాను. "ఇప్పుడే చాయ్ తాగి గోడకు ఒరిగిండు చెల్లే. పిలిస్తే పలుకలే" అన్నాడు. పెద్దనాయిన మా నాన్నకు అన్న. ఫోన్ చేసింది ఆయన ఒక్కగానొక్క కొడుకు. మా ఊరు మనూర్ దాకా ఆటోలో ఏడుస్తూనే వెళ్లాను. పక్కన కూర్చున్న ఆమె ఎవరో నీళ్ల సీసా ఇచ్చింది. పెద్దాయన పోయినందుకు అందరూ ఏడ్చారు. నేను అందుకూ ఏడ్చాను, పోయిన దసరా నాడు నలుగురి ముందు నేను ఆయన్ని అనేసిన ఒక్క మాటకూ ఏడ్చాను. ఆ మాట సంగతి చెప్పాలంటే ముందు తుపాకి సంగతి చెప్పాలి.

మా ఇంట్లో లైసెన్సు తుపాకి ఉండేది. ఒకే గొట్టం, ఒకసారికి ఒకే తూటా. పంట కాపలాకని మా తాత తీసుకున్నది, ఆయన తర్వాత పెద్దనాయిన పేరు మీదికి మారింది. కంది, జొన్న చేతికొచ్చే వేళకు అడవి పందులు గుంపుగా చేలో దిగుతాయి. పెద్దనాయిన పందిని కొట్టగా నేను చూడలేదు. ఎదురుగా ఉన్న మట్టిగుట్టలోకి ఒక్కటి పేల్చేవాడు. ఆ సప్పుడుకు పందులు కంగ్టి దాకా ఉరికాయని మాకు గొప్పగా చెప్పేవాడు. కంగ్టి ఎంత దూరమో తెలిసినవాళ్లం కాబట్టి చాటుకు వెళ్లి నవ్వుకునేవాళ్లం. ఆకాశంలోకి పేల్చొచ్చు కదా అని ఒకసారి అడిగితే, "పైకి పోయింది యాడనో ఒక తాన దిగాలె గద? ఆడ ఎవరున్నరో నీకు ఎర్కనా?" అన్నాడు.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి. ఆ రోజు పెద్దనాయిన ఇస్త్రీ ధోతి కట్టి, తుపాకిని దుప్పట్లో చుట్టుకుని, బిడ్డను అత్తగారింటికి సాగనంపుతున్నట్టు మొహం పెట్టుకుని బస్సెక్కేవాడు. తిరిగొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు.

మా ఇంట్లో ఆడపిల్లైనా మగపిల్లాడైనా పన్నెండేళ్లు నిండితే పాఠం మొదలయ్యేది. తుపాకి మాత్రం చేతికిచ్చేవాడు కాదు. వడ్లాయనతో తుమ్మ కట్టెలో అదే పొడుగు, అదే బరువు ఉండేలా ఒకటి చెక్కించాడు. దసరా నుంచి దసరా దాకా, చేలో ఉన్నంతసేపూ దాన్ని మోయాలి. గట్టు దాటేటప్పుడు పక్కవాళ్లకు అందించి దాటాలి. దాని మూతి మనిషి వైపు గానీ, ఎద్దు వైపు గానీ తిరిగిందా, ఆ ఏడాది లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి మోయాల్సిందే. నాకు మూడేళ్లు పట్టింది. రెండో ఏడాదిని చెడగొట్టింది ఒక కోడిపుంజు. దసరా ఇంకా పదిరోజులుందనగా నా కాళ్లకు అడ్డం పడింది, కట్టె మూతి ఎద్దు మీదికి తిరిగింది. ఆ పుంజును నేను ఇప్పటికీ క్షమించలేదు.

"ఉత్త కట్టెనే గద పెద్దనాయినా!" అని ఏడ్చాను.

"కట్టె అని నీకు ఎర్క. నీ చేతికి ఎర్కనా బిడ్డా?" అన్నాడు. కొంగుతో నా కళ్లు తుడవబోయిన పెద్దమ్మను మాత్రం ఆపలేదు.

నాకు పదిహేనేళ్లు నిండిన ఏడు ఆయుధపూజ అయ్యాక నన్ను చేనుకు తీసుకుపోయి నిజం తుపాకి చేతికిచ్చాడు. గుట్ట కింద ఒక పగిలిన కుండ పెట్టాడు. "ముంగట ఎవరున్నరు? ఎనుక ఎవరున్నరు? జెప్పు" అని అడిగి, జవాబు చెప్పాకే తూటా పెట్టనిచ్చాడు. కుండకు తగల్లేదు. దుమ్ము లేచింది, భుజం వాచింది. సిగ్గుతో తలొంచుకుంటే నవ్వాడు. "కుండ పోతే ఏంది, మూతి తిరగలే. గది సాలు" అన్నాడు. నా ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేను అంత సంతోషపడలేదు.

పోయిన దసరాకు ఆయనకు డెబ్బై దాటాయి. చేతుల్లో సన్నగా వణుకు మొదలైంది. ఈసారి వంతు అన్న బిడ్డది. పదమూడేళ్ల పిల్ల, కట్టె మోసే ఏడాదిని ఒక్క తప్పు లేకుండా ముగించింది, నాలాగా కాదు. ఇంటిల్లిపాదీ చేనుకు వెళ్లాం. పెద్దనాయిన తూటా పెట్టాడు. అదే సమయానికి వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆయన తిరిగాడు, ఆయనతో పాటు తుపాకీ తిరిగింది. దాని మూతి పిల్ల ఛాతీ మీదికి వచ్చింది.

"పెద్దనాయినా! మూతి!"

అరిచింది నేనే. మమ్మల్ని ఆయన ఎలా గదమాయించేవాడో అచ్చం అలాగే అరిచాను. ఆయన కిందికి చూశాడు. తుపాకి నేలకు దించాడు, తూటా తీసి జేబులో వేసుకున్నాడు, తుపాకి అన్నకిచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"నాకేం గాలే తాతా" అంది పిల్ల.

"గాలే గని, అయితుండె బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత దాన్ని చేతితో ముట్టుకోలేదు. వారం తిరక్కుండా అన్నతో మోయించుకుని ఠాణాకు వెళ్లి, ఇక నాకు వద్దని రాసిచ్చి వచ్చాడు.

నేను క్షమించమని అడగడానికి వెళ్లాను. కోప్పడ్డాడు. "తప్పంటున్నవా? నువ్వు ఒర్రకపోతే నేను ఇన్నేండ్లు నేర్పింది ఏంది మరి?" అన్నాడు. అప్పటికి మనసు కుదుటపడింది. కానీ బయలుదేరుతుంటే పెద్దమ్మ వాకిట్లో ఆపి, "ఆ దినం అన్నం ముట్టలే బిడ్డా. సేతులు జూసుకుంట కూసున్నడు" అంది. తర్వాత రెండు నెలలు కూడా బతకలేదు. ఆయన నేర్పిన మాటనే అన్నాను. పిల్ల బతికి ఉంది. మళ్లీ ఆ క్షణం వస్తే మళ్లీ అలాగే అరుస్తాను. అయినా పెద్దమ్మ చెప్పిన ఆ చేతులే గుర్తొస్తాయి.

పదకొండో దినం చుట్టాలు వెళ్లిపోయి, పదిరోజులుగా ఏదీ వినబడనివ్వని సందడి తగ్గింది. పొద్దు గుంకుతుండగా వాకిట్లో గిన్నెలు కడుగుతున్నాం. చేను వైపు నుంచి పెద్దనాయిన గొంతు వినబడింది.

"హో... హోయ్! ఎవర్రా అది? ఆగు, వస్తున్న!"

నేను గిన్నె వదిలేసి లేచి నిలబడ్డాను. అన్న గబగబా దగ్గరికొచ్చాడు. "బ్యాటరీ మైకు చెల్లే. తుపాకి ఇచ్చినంక పందులకు ఎట్ల అని తెచ్చిన. కుక్కల సప్పుడు, తుపాకి సప్పుడు అన్నీ దాంట్ల ఉన్నయ్. నాయిన ఒప్పుకోలే. నా గొంతే పెట్టుర్రి, గిది ఎటు తిరిగినా ఎవరికేం గాదు అన్నడు. పొద్దుమీకితే అదే షురువైతది." చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. "బందు జేసొస్త" అని చెప్పులు వేసుకున్నాడు.

"ఉండనియ్ రా" అంది పెద్దమ్మ. "కంది కోసేదాక ఉండనియ్."

అన్న చెప్పులు విప్పేశాడు. చీకటి పడేదాకా అందరం అక్కడే కూర్చున్నాం. చేలోంచి ఆ గొంతు "ఆగు, వస్తున్న" అని వినబడినప్పుడల్లా పెద్దమ్మ తల మీద కొంగు సర్దుకుని వాకిలి వైపు చూస్తోంది.