మామ క్లోమంలో తెల్లకణాలు

ఎనభైల మొదట్లో నేను కర్నూలులో పాథాలజీ చదువుతున్నాను. సెలవులకు ధర్మవరం వెళ్తే మా మేనమామ కళ్ళు, గోళ్ళు, అరచేతులు పచ్చగా కనిపించాయి. ఆయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మీద చేతులకెంత పనో నోటికీ అంతే పని.

"ఏమ్మీ, జరీ మాదిరి మెరుస్తాండానా?" అన్నాడు.

పసరికలని, అంటే కామెర్లని, మణికట్టుకు పసరు వేయించుకున్నాడు, ఉప్పు మానేశాడు. తగ్గలేదు. నొప్పి లేదు గానీ ఒళ్ళంతా దురద. దువ్వెనతో వీపు గీరుకుంటూనే నేస్తున్నాడు. పొట్ట చూస్తానంటే, "నువ్వు సచ్చినోళ్ళ డాక్టరువి గదమ్మీ, నన్నెందుకు ముట్టేది?" అని నవ్వాడు. కుడివైపు పక్కటెముకల కింద నున్నటి ఉబ్బు చేతికి తగిలింది. నొక్కినా నొప్పి లేదన్నాడు. నొప్పి లేని పసరికలంటే మా డాక్టర్లకు క్యాన్సరేమోనని భయం. ఆయన్నీ అత్తనీ బస్సెక్కించి నా వెంట కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

ఆపరేషన్‌లో అసలు సంగతి తెలిసింది. జీర్ణరసాలు తయారుచేసే క్లోమంలో గడ్డ పెరిగి, పైత్యరసం దిగే దారిని నొక్కేసింది. దాన్ని తీయడం కుదరలేదు. సర్జన్ పైత్యరసానికి వేరే దారి చేసి, గడ్డలోంచి చిన్న ముక్క పరీక్షకు పంపాడు. అది వచ్చింది మా దగ్గరికే.

"నువ్వు చూడగలవా?" అని మా ప్రొఫెసర్ మేడమ్ అడిగింది. చూస్తానన్నాను.

మచ్చకట్టిన పీచు మధ్య అక్కడక్కడా క్యాన్సరు కణాలు. వాటి చుట్టూ ఎటు చూసినా తెల్లరక్తకణాలే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మేడమ్, ఒళ్ళు పోట్లాడుతోంది!"

"వచ్చినంత మాత్రాన పోట్లాడుతున్నాయని ఎట్లా అంటావు?" అంది ఆమె. "దెబ్బ తగిలిన చోట ఏవో రసాయనాలు పుట్టి వాటిని పిలుస్తాయి. గడ్డ కూడా అట్లాగే పిలుస్తుందంటున్నారు. వచ్చినవి దాన్ని చంపుతున్నాయో, పెంచుతున్నాయో నాకూ తెలీదు."

అంత చదివినావిడ తెలీదనడం నాకు బాగా నచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు ఆ ప్రశ్నతోనే గడిపాను.

మామకు చెప్పొద్దన్నారు మావాళ్ళు. ఈలోగా ఆయన పసుపు తగ్గింది, దురద పోయింది. మంచం మీద కూర్చుని నన్ను సూటిగా అడిగాడు: "ఏం చూసినావో నిజం చెప్పు."

చెప్పేశాను. క్యాన్సరని, తీయలేకపోయారని, చుట్టూ చేరిన తెల్లకణాల సంగతీ.

"అంతమంది వచ్చినారు గదా, ఒక్కడన్నా దాన్ని తన్నలేదా?"

"తెలీదు మామా. దానికే సాయం చేస్తున్నాయేమో."

"మంచి బంధువులప్పా!" కుట్లు లాగుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాడు. తలుపు దగ్గర అత్త ఏడుస్తోంది. ఆమెను చూసి ఆపేశాడు.

"శానా దినాలు ఉండనా?"

"ఏడాది కష్టం మామా."

"సరే. ఇంటికి పోదాం పా. సంగటి తిని ఎన్నాళ్ళాయనో."

ఇంటికెళ్ళాక సంగటీ తిన్నాడు, దాంట్లోకి ఊరిబిండి పచ్చడీ తిన్నాడు, మళ్ళీ మగ్గమెక్కాడు. ఉన్నట్టుండి ఒక సాయంత్రం అత్తకు సైకిలు నేర్పిస్తానన్నాడు.

"ఈ వయసులో నాకెందుకు? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. నేను పోయినాక మగ్గానికి పట్టు తెచ్చుకోవాలంటే ఎవర్ని బతిమాలుతావు?"

వానలు లేక మా చెరువు ఎండి చదునుగా ఉండేది. అక్కడ సీటు పట్టుకుని వెనక నడిచేవాడు. అలసిపోతే నేల మీద కూలబడి అరిచేవాడు: "ముందుకు చూడు! నన్నెందుకు చూస్తావు?" దసరాకు నేను వెళ్ళేసరికి అత్త తుమ్మకంపలో పడి ఉంది. ముళ్ళు తీస్తూ ఆయన, తీయించుకుంటూ ఆమె, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

ఎండాకాలంలో పోయాడు. చివరి వారాల్లో నొప్పి బాగా ఎక్కువైంది. ఇంజెక్షన్లు నేనే వేశాను. అప్పుడు మాత్రం ఆయన పెద్దగా మాట్లాడలేదు.

మరుసటి సెలవులకు ధర్మవరంలో బస్సు దిగితే, అత్త సైకిలు పట్టుకుని ఎదురొచ్చింది. నా పెట్టె ముందు తగిలించి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది.

"ఎక్కమ్మీ, వెనకాల."

నాకు భయమేసింది. అయినా ఎక్కాను.