అక్క కాలి ఎముక

మాది రేపల్లె దగ్గర పల్లె. అరవైల చివర్లో, అక్క ఎనిమిదో తరగతిలో ఉండగా మడమ మీద సెగ్గడ్డ లేచింది. అమ్మ ఉల్లిపాయ కాల్చి కట్టింది. అది పగిలి మానింది, అందరం మరిచిపోయాం.

కొన్నాళ్లకు చేనుగట్టు మీద అక్క కాలు జారి పడింది. మర్నాటికి మోకాలి కింద నొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం. బెణికిందనుకుని నాన్న పొన్నూరు వైపు ఉండే కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నూనె రాసి గట్టిగా తోమి, గుడ్డుసొనలో తడిపిన గుడ్డ బిగించి కట్టాడు. ఇంటికొచ్చాక కాలికి దుప్పటి తగిలినా అక్క ఏడ్చేది.

జ్వరం దిగకపోయేసరికి తెనాలి బస్సెక్కించారు. నేనూ వెంట వెళ్లాను. అక్కడ ముందు ఎక్స్‌రే తీసి, ఏమీ లేదన్నారు. డాక్టరుగారు కట్టు విప్పించి, మోకాలి కింద ఎముక మీద ఒక్క వేలితో నొక్కారు. అక్క కెవ్వుమంది.

"ఈ మధ్య పుండుగానీ గడ్డగానీ లేచిందా అమ్మా?" అని అడిగారు.

అమ్మ మడమ చూపించింది.

"ఆ గడ్డలో చీము రక్తంలో కలిసి ఎముకలో చేరింది. ఇది బెణుకు కాదండి."

"మరి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదండి?" అన్నాడు నాన్న.

"ఇంత తొందరగా కనపడదండి. కనపడేదాకా ఆగితే ఎముక చచ్చిపోద్ది. పెన్సిలిన్ సూదులు వేస్తాను. జ్వరం తగ్గిందని మాత్రం మానెయ్యొద్దు, వారాల తరబడి వెయ్యాలి."

కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని, జ్వరం దిగాక, మిగతా సూదులు మా ఊరి కాంపౌండరు చేత వేయించమని పంపారు. అక్క లేచి తిరగసాగింది. సూదులకు భయపడి ఏడుస్తుంటే నాన్న చూడలేకపోయాడు. పైగా కుప్పనూర్పిళ్ల రోజులు. "బానే ఉందిగా, పిల్లనెందుకు బాధపెట్టటం?" అని ఆపించేశాడు.

వేసవిలో కాలు మళ్లీ వాచింది. చర్మం చిల్లిపడి చీము కారింది, దాంతోపాటు వడ్లపొట్టంత ఎముక ముక్కలు వచ్చేవి. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు వాసనకు జరిగిపోయేవారు. ఒకరోజు అక్క పుస్తకాల సంచీ అటక మీద పెట్టేసింది, ఎవరు బతిమాలినా తియ్యలేదు. చివరికి గుంటూరులో ఆపరేషన్ చేసి చచ్చిన ఎముక తీసేశారు. పుండు మానింది కానీ ఆ కాలు పొట్టిదైపోయింది. తోటివాళ్లు కాలేజీకి వెళుతున్న ఏడు అక్క ప్రైవేటుగా మెట్రిక్ కట్టింది.

డెబ్బైల్లో అక్కకు బాపట్లలో టీచరుద్యోగం వచ్చింది. ఒక ఆదివారం నాన్నా నేనూ వెళ్లాం. అక్క కుంటుకుంటూ కంచాలు తెచ్చి పెడుతుంటే నాన్న అన్నం కలపకుండా కూర్చున్నాడు.

"ఆ సూదులు ఆపించకుండా ఉండాల్సిందమ్మా."

"అప్పుడు జ్వరం లేదు కదా నాన్నా. ఎవరైనా ఆపేవాళ్లే."

"తెలీనివాళ్లు ఆపుతారు. నాకు డాక్టరుగారు చెప్పారమ్మా. చెప్పాక ఆపాను."

అక్క వచ్చి నాన్న పక్కన కూర్చుని, పప్పు వేసి, తనే అన్నం కలిపి కంచం ఆయన ముందుకు జరిపింది.