మా రేడియోలో రోజూ వచ్చే రేపు

జగ్గయ్యపేటలో మా రేడియో స్టేషను ఎరువుల కొట్టు పైన ఉండేది. మెట్లు ఎంత ఇరుకంటే, పొట్టను కింద కొట్లో అప్పగించి పైకెక్కాలి. గాలి అనుకూలిస్తే మా గొంతు నందిగామ కోర్టు దాకా వెళ్లేది. లేదంటే కింద టీ బండి దగ్గరే ఆగి, ఒక టీ తాగి వెనక్కి వచ్చేది.

అందులో మధ్యాహ్నం అరగంట నాదీ, రిటైరైన ఒక టీచరమ్మదీ. మిరప తోటల్లో కూలికెళ్లిన ఆడవాళ్లు క్యారేజీలు విప్పే వేళకు మేమిద్దరం మైకు ముందు తగువులాడుకునేవాళ్లం. నేను గొప్పలు కొట్టేవాణ్ని, ఆవిడ నిజాలు చెప్పేది. ఫోన్లన్నీ ఆవిడకే. నన్ను ఒకే ఒక్కసారి అడిగారు, "టీచరమ్మ లేరాండీ?" అని.

ఒకరోజు స్టేషను నడిపే ఛైర్మన్‌గారు ఆ అరగంటను సినిమా పాటలకు ఇచ్చేశారు.

"మీ గొంతులు ముసలివైపోయినయ్ టీచరుగారూ. కుర్రాళ్లు వినట్లేదు."

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మెట్లు దిగింది. నేనూ దిగాను, పొట్ట కారణంగా కాస్త ఆలస్యంగా.

కొన్నాళ్లకు లైసెన్సు రెన్యువల్ నెత్తిన పడింది. రోజులో సగం ఇక్కడివాళ్లు ఇక్కడి మాటల్లో చేసిన కార్యక్రమాలే వినిపిస్తామని ఛైర్మన్‌గారు మొదట్లో రాసిచ్చి ఉన్నారు. అది చూడటానికి ఢిల్లీ నుంచి ఇద్దరు అధికారులు వస్తున్నారనగానే స్టేషనుకు పల్లెటూరి పూనకం వచ్చింది. గోడలకు జొన్న కంకులు, మూలన నాగలి. ఎడ్లను కూడా ఎక్కించేవారే, మెట్లు ఒప్పుకోలేదు. గరికపాడు చెక్‌పోస్టులో ఆగిన లారీ డ్రైవర్లందరికీ సరిపడా లడ్డూలు తెచ్చారు. ఇక తక్కువైంది ముసలి గొంతులే.

ఛైర్మన్‌గారు స్వయంగా టీచరమ్మ ఇంటికి వచ్చారు.

"మా అరగంట మాకు తిరిగిస్తేనే వస్తానండీ" అంది ఆవిడ.

"ఇస్తానమ్మా. మైకులోనే చెబుతా, సరేనా?"

చెప్పారు కూడా. అధికారులు చూస్తుండగా మైకు మీదికి వంగి, "రేపట్నుంచి రోజూ ఇదే వేళకు వీళ్లిద్దర్నీ వినండి" అన్నారు.

ఆ రోజు గాలి అనుకూలంగా ఉన్నట్టుంది, నందిగామ వైపు తోటలోంచి ఒక తల్లి ఫోన్ చేసింది. మిరపకాయలు కోసి కోసి చేతులు మండిపోతున్నాయనీ, ఎంత కడిగినా పోవడం లేదనీ, ఎత్తుకుంటే చాలు పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోందనీ చెప్పింది. నేను జోకు వేయబోతే టీచరమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"నాకు తోచింది చెప్పి బిడ్డ మీద ప్రయోగం చెయ్యలేనమ్మా. డాక్టరుగార్ని అడిగి రేపు తప్పకుండా చెబుతాను."

అధికారులు చప్పట్లు కొట్టారు.

మర్నాడు టీచరమ్మ డాక్టరును అడిగి వచ్చి, నాకంటే ముందే మెట్లెక్కింది. స్టూడియో తలుపు మూసి ఉంది. లోపల మేమే మాట్లాడుతున్నాం. నిన్నటి రికార్డు.

"ఇదేంటండీ?"

"రోజూ వినిపిస్తానన్నా, వినిపిస్తున్నా" అన్నారు ఛైర్మన్‌గారు. "మీకీ మెట్లెక్కే శ్రమెందుకు టీచరుగారూ?"

ఫోన్ చేసినామె నంబరు అడిగితే, "ఎక్కడో ఉంటదిలెండి" అన్నారు.

లైసెన్సు వచ్చింది. రోజూ మధ్యాహ్నం అదే తగువు, అదే ఫోను, అవే చప్పట్లు. నా జోకులకు లోకమంతా పడి నవ్వుతుందనుకునే నాకే, నా గొంతు వింటే అన్నం దిగేది కాదు. టీచరమ్మ నా స్కూటరు వెనక కూర్చుని తోట తోటకీ తిరిగింది, ఒక గొంతును వెతుక్కుంటూ.

దొరికేసరికి కోతలు అయిపోయాయి. కల్లంలో ఆడవాళ్లు కాయలు బస్తాలకెత్తుతున్నారు. టీచరమ్మ ఆయాసపడుతూనే చెప్పింది. ఘాటు చేతులకే కాదు, చీరకూ అంటుకుంటుందట. నూనె రుద్ది, సబ్బుతో కడిగి, చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలట. అంతే. ఇంకో నిమిషం మైకు ఇస్తే సరిపోయే మాట.

ఫోన్ చేసిన ఆ తల్లి బస్తా మూతి కుడుతూ వింది.

"ఇప్పుడెందుకులెండి. బిడ్డ మా అత్త దగ్గరే అలవాటు పడింది. నేనెత్తుకుంటే రావట్లా." తల ఎత్తకుండానే మళ్లీ అంది. "రోజూ రేపు రేపంటిరి. పెద్దవారు గదా, చెప్తారనుకున్నా."

అది పాత రికార్డమ్మా అని టీచరమ్మ చెప్పబోయింది. ఈలోగా మధ్యాహ్నం అయింది. పక్కనామె ఫోన్ రేడియోలో మా తగువు మొదలైంది. మేమిద్దరం అక్కడే నిలబడి చివరిదాకా విన్నాం.

"రేపు తప్పకుండా చెబుతాను."

ఆ వెంటనే చప్పట్లు.