లెక్కకు రాని ఎడమకాలు

రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మాబోటి ఉద్యోగి ఇంటి ముందు కారు ఉందంటే అది నడిచే కారని అర్థం కాదు. కారు ఉంది, అంతే. దాన్ని నడిపించడం ఇంకో ఉద్యోగం. ఆ రోజుల్లో కొందరు హారన్ మార్చి మురిసిపోయేవారు, కొందరు సీట్లకు పులిచారల గుడ్డ కుట్టించేవారు. నేను ఏకంగా ఇంజనే మార్పించాను. ఇప్పుడు రిటైరై తీరిగ్గా పాత డైరీలు తిరగేస్తుంటే ఆ ఏడాది డైరీ ఒక్కటే గ్రీజు మరకలతో కనిపిస్తుంది. నలభై దాటిన మనిషి రాసినట్టు ఉండదు, మీసం మొలిచీ మొలవని కుర్రాడు రాసినట్టు ఉంటుంది. చదువుతూ నాలో నేనే నవ్వుకుంటాను. పక్కగదిలోంచి మా ఆవిడ "మళ్లా గదేనా?" అంటుంది. అదే.

నాకు భద్రాచలంలో ఒక ఆఫీసులో గుమాస్తా పని, సొంతిల్లు పాల్వంచలో. మధ్యలో అడవి దారి. బస్సులకేం కొదవలేదు గాని, బస్సులో నిలబడి డైరీ రాసుకోలేకపోతున్నానని ఒక పాత కారు కొన్నాను. (నడుపుతూ ఎలా రాస్తావని అప్పుడు ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.) గుండ్రటి వీపున్న తెల్లటి పెట్రోలు కారు. రెండేళ్లకు దాని ఇంజను అలసిపోయింది. మా ఊళ్లో అందరూ ఇంజన్ భాయ్ అని పిలిచే మెకానిక్ దాన్ని దింపేసి, ఒక జీపు నుంచి తీసిన డీజిల్ ఇంజను ఎక్కించాడు. ఆ ఇంజను బలానికి నాకు రెండు రోజులు గర్వంతో నిద్ర పట్టలేదు. దాని చప్పుడుకు మా వీధివాళ్లకూ పట్టలేదు.

ఇబ్బందల్లా క్లచ్‌తో వచ్చింది. ఇంజను తిరుగుడును చక్రాలకు అందించే ఆ గుండ్రటి ప్లేటు నా కారులో నాలుగు నెలలు కూడా నిలవలేదు. ఒకటి మాడింది, మార్చాను. రెండోదీ మాడడం మొదలెట్టింది. మాడిన చింతగింజల వాసన నా చొక్కాలకు పట్టుకుని ఆఫీసు దాకా వచ్చేది. అప్పుడు మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, చేతులు తుడుచుకుని మరీ షరతు పెట్టింది.

"చూడండీ, మూడో క్లచ్ గూడ గిట్లనే మాడిందనుకోండి, కారును పాత ఇనుము కొట్టుకు తోలుడే. షెడ్డుల బర్రెను కడ్త. మా అన్న మంచి పాడిబర్రెను చూసి పెట్టిండు."

"కారుకూ బర్రెకూ పోలికేమిటే?"

"బర్రెకు క్లచ్ ఉండదు."

నేను డైరీ తీశాను. చిన్నప్పటి నుంచి నాకు ఏ కష్టమొచ్చినా దాన్ని గడులుగా గీసి రాసుకుంటే సగం తీరినట్టుంటుంది. నెలరోజులపాటు ఇంటినుంచి ఆఫీసు దాకా క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతున్నానో లెక్కపెట్టాను. తొక్కిన ప్రతిసారీ స్టీరింగు పక్కన సుద్దముక్కతో ఒక గీత. ఆఫీసు చేరాక గీతలు కూడి డైరీలో రాసి, గుడ్డతో తుడిచేయడం. గోదావరి వంతెన మీద ఎన్ని, సారపాక సెంటర్లో ఎన్ని, పశువులు అడ్డం వచ్చినప్పుడు ఎన్ని, అన్నీ వేర్వేరు గడుల్లో. సగటున ఒక వైపుకు నూట అరవై మూడు తేలింది. డైరీ పట్టుకుని ఇంజన్ భాయ్ దగ్గరికి వెళ్లాను.

భాయ్ ఆ గడులన్నీ ఓపిగ్గా చూశాడు. "సార్, గింత రాసుడు ఎందుకు? దినాం తిరిగే బండికి మామూలు క్లచ్, బరువు ఫ్లైవీల్. గంతే" అన్నాడు. ఫ్లైవీల్ అంటే ఇంజను వెనకాల ఉండే బరువైన ఇనుప చక్రం, క్లచ్ వెళ్లి ఆనుకునేది దానికే. "గది తిరగలి రాయి లెక్క సార్. బరువున్నదనుకో, మెల్లగ పోయినా బండిని ఆగనియ్యదు. తేలికదైతే జల్దీ లేస్తది, జల్దీ చస్తది." అంతటితో ఊరుకోకుండా ఇంకో ప్రశ్న వేశాడు. "కాలు గిట్ల ఊకె క్లచ్ మీద పెట్టి ఉంచుతరా ఏంది?"

"నేనా? నూట అరవై మూడు సార్లు తొక్కుతాను. లెక్క ఉంది" అని డైరీ చూపించాను. రాతపూర్వకంగా ఉన్నదాన్ని కాదనే అలవాటు భాయ్‌కి లేదు. "అచ్ఛా" అని ఊరుకున్నాడు.

అంతటితో మామూలు క్లచ్ వేయించుకుని ఉంటే ఈ కథే లేదు. కాని ఆ వారం ఏదో పని మీద ఖమ్మం వెళ్లి, బస్టాండులో ఒక రంగురంగుల కార్ల పత్రిక కొన్నాను. అందులో హెల్మెట్ చంకన పెట్టుకున్న ఒక పందేల డ్రైవరు, ఫ్లైవీల్ ఎంత తేలికైతే కారు అంత చురుగ్గా లేస్తుందనీ, క్లచ్ స్ప్రింగులు ఎంత గట్టివైతే పట్టు అంత గట్టిదనీ సెలవిచ్చాడు. ఇంటికొచ్చి డైరీలో నాలుగు గడులు గీశాను. మామూలు క్లచ్‌తో బరువు చక్రం, మామూలు క్లచ్‌తో తేలిక చక్రం, గట్టి క్లచ్‌తో బరువు చక్రం, గట్టి క్లచ్‌తో తేలిక చక్రం. ఒక్కోదానికి మార్కులు వేశాను. నాలుగోదానికి ఫస్టు క్లాసు వచ్చింది. (పేపరు దిద్దింది నేనే.)

"మీరు పందేలకు పోతున్నరా, ఆఫీసుకు పోతున్నరా?" అన్నాడు భాయ్. "భాయ్, మార్కులు చూడు" అన్నాను. భాయ్ ఫ్లైవీల్‌ను లేత్ షాపులో ఇచ్చి చుట్టూ చెక్కించాడు. చెక్కకముందు ఒకసారి, చెక్కాక ఒకసారి పాత ఇనుము కొట్టు కాటా మీద తూకం వేయించి డైరీలో రాసుకున్నాను. అదే కొట్టుకు మా ఆవిడ కారును పంపుతానన్న సంగతి తలచుకుని, కొట్టాయన ముందు కొంచెం ఠీవిగా నిలబడ్డాను కూడా.

మొదటి రోజు పొద్దున్నే గేటు తీసి క్లచ్ తొక్కితే అది దిగలేదు. సీటు వీపుకు ఆనుకుని, స్టీరింగు పట్టుకుని, బావిలోంచి బొక్కెన లాగుతున్నవాడిలా ముక్కితే దిగింది. మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోయింది. గబుక్కున వదిలితే కారు గోడ మీది పిల్లిలా ఎగిరి వీధి మధ్యలో పడి, అక్కడ ఆగిపోయింది. నడిమధ్య పద్ధతి ఒకటుంటుందని దానికి తెలియదు. ఎగరడం, చావడం, ఈ రెండే. ఇంజను ఆగకుండా ఉండాలంటే ఎక్సిలేటర్ మోగిస్తూ, క్లచ్‌ను సగం తొక్కి సగం వదిలి బతిమాలాలి. వారం తిరిగేసరికి నా ఎడమ తొడ గట్టిపడి ప్యాంటు ఒక వైపే బిగుతైంది. ఇది కూడా డైరీలో ఉంది.

నా కారులో ఒక నిత్య ప్రయాణికురాలు ఉండేది. దారిలో అడవి ఊరి నుంచి సారపాకకు విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్మకానికి తెచ్చే ముసలామె. నేను ఆకుల అవ్వ అనేవాణ్ని. ఆకుల కట్టలు వెనక సీటులో దర్జాగా కూర్చునేవి, అవ్వ ముందు సీటులో నా పక్కన. వేసవిలో ఒడిలో తునికి పండ్ల గంప కూడా ఉండేది. కొత్త క్లచ్ వేశాక కారు ఎగిరినప్పుడల్లా పండ్లు కారంతా దొర్లేవి. అవ్వ కోప్పడలేదు. "నీ బండికి పొద్దుగాల ఏమన్న తాపినవా సారూ?" అని మాత్రం అడిగింది.

ఇలా మూడు వారాలు గడిచాక మా ఆవిడ భద్రాచలం దర్శనానికి నాతో బయలుదేరింది. కారును పరీక్షించడానికే వస్తున్నదని నాకు తెలుసు. ఆ రోజు బతికితే కారు, లేకపోతే బర్రె. పొద్దున్నే టైర్లకు కూడా బొట్టు పెట్టాను. దారిలో అవ్వ ఎక్కి ఎప్పటిలాగే నా పక్కన కూర్చుంది. మా ఆవిడ వెనకాల, ఆకుల కట్టల మధ్య. రెండు మైళ్లు పోయామో లేదో ఎదురుగా మేకల మంద. రోడ్డంతా అవే. వాటి వెనక నడక వేగంతో పోవాలి. ఇంజను ఆగింది. వేశాను. ఎగిరింది. మేకలు తిరిగి చూశాయి. మళ్లీ ఆగింది. బతిమాలుతూ, ముక్కుతూ, సగం తొక్కుతూ ముందుకు జరుపుతుంటే మెల్లగా ఆ పాత చుట్టం వచ్చేసింది, మాడిన చింతగింజల వాసన.

"ఏందండీ వాసన?" అంది మా ఆవిడ.

"అడవిలో ఎక్కడో ఎండాకులు తగలబెట్టినట్టున్నారు."

మేకలు పక్కకు తప్పుకున్నాయి. అర మైలు పోయాం. వాసన తగ్గలేదు.

"అడవి మన ఎంబడే వస్తాంది గదండీ?"

మా ఆవిడ కళ్లు మూసుకుని బర్రెకు పేరు ఆలోచిస్తున్నట్టు కనిపించింది అద్దంలో. అప్పుడు అవ్వ తన గంప మీదుగా నా కాళ్లవైపు వంగి చూసింది.

"సారూ, నీ ఎడమకాలు గా పలక మీదికెల్లి దిగదేంది? నీ బండి ఎక్కినకాన్నుంచి చూస్తున్న, ఎప్పుడు చూసినా ఆడనే ఉంటది. కాలుకేమన్న రోగమా?"

కిందికి చూశాను. రోడ్డు ఖాళీ. గేరు మార్చే పని లేదు. నా ఎడమకాలు మాత్రం చెప్పుతో సహా క్లచ్ మీద హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నది.

"మా ఊళ్లె ఒకాయన గిట్లనే" అని అవ్వ చెప్పుకుపోతున్నది, "బండి తోలినంతసేపు ఎద్దు తోక పట్టుకునే కూసుంటడు. అది నడుద్దామన్నా నడవనియ్యడు, నిలబడదామన్నా నిలబడనియ్యడు."

వెనక నుంచి నవ్వు వినబడింది. మొదట ఆకుల కట్టలు కదిలినట్టు చిన్నగా, తర్వాత కారంతా కదిలేటట్టు. నేను కారును పక్కకు ఆపి డైరీ తీశాను. నెలరోజుల గడులు. వంతెన మీద ఎన్నిసార్లు తొక్కానో ఉంది, పశువులకు ఎన్నిసార్లు తొక్కానో ఉంది. తొక్కిన కాలును ఎన్నిసార్లు తీశానో ఎక్కడా లేదు. దానికి గడే గీయలేదు. అవసరం పడుతుందేమోనని ముందుజాగ్రత్తగా కాలును అక్కడే ఉంచుకునేవాణ్ని, ఏళ్ల తరబడి. ఆ జాగ్రత్తే మూడు క్లచ్‌లను తినేసింది.

ఇంజన్ భాయ్ ఆ మూడో క్లచ్‌ను విప్పి, నేను తేదీ చీటీలు కట్టి దాచిన పాత ప్లేట్లు రెండూ పక్కన పెట్టి చూశాడు. "మూడూ ఒక్క తీరుగనే మాడినయ్ సార్. అడిగిన గద, కాలు పెట్టి ఉంచుతరా అని?"

"డైరీలో లేదు, అందుకని లేదన్నాను."

భాయ్ చాలాసేపు రెంచీతో తల గోక్కున్నాడు. తర్వాత మొదట చెప్పినట్టే మామూలు క్లచ్, ఇంకో జీపు నుంచి తీసిన బరువైన ఫ్లైవీల్ వేశాడు. మా ఆవిడ మాత్రం షరతు షరతేనంది. చివరకు రాజీ కుదిరింది. తప్పు కారుది కాదు గనక కారు ఉంటుంది, క్లచ్ మాడింది గనక బర్రె వస్తుంది. షెడ్డులో సగం దానిది, సగం దీనిది. పొద్దున నేను ఇంజను వేస్తే బర్రె కూడా అరిచేది, అది ఇంజనుకు జవాబో, ఫిర్యాదో తెలియదు. నేను చెక్కించిన తేలిక ఫ్లైవీల్‌ను మా ఆవిడ బర్రె తాడు కట్టడానికి గుంజకు బదులు వాడింది. మొదటి రోజే బర్రె దాన్ని ఈడ్చుకుంటూ వీధి చివరి దాకా పోయింది. చెక్కించకుండా ఉంటే ఆగేదే. అటుగా వస్తున్న ఇంజన్ భాయ్ పక్కకు దూకి, బర్రె పోయినవైపు కాసేపు చూసి, "సార్, పికప్ మంచిగున్నది" అన్నాడు.

ఆ క్లచ్ కారు అమ్మేదాకా మళ్లీ మార్చే పని పడలేదు. గొప్పతనం నాది కాదు. నా కాలు పలక మీదికి పాకినప్పుడల్లా అవ్వ ఒక ఆకుల కట్టతో మోకాలి మీద తట్టి "సారూ, కాలు" అనేది. డైరీలో ఆ తట్టినవాటికి కూడా ఒక గడి గీశాను. మొదటి నెల రోజుకు ముప్పై, తర్వాత పది, తర్వాత రెండు. చివరికి సున్నా వచ్చిన రోజున అవ్వకు చూపించాను. చదవడం రాకపోయినా గడిని వేలితో తడిమి, "ఇగ నేను దిగిపోవాల్నా ఏంది?" అని నవ్వింది. దిగలేదు. నేను బదిలీ అయ్యేదాకా ఆ సీటు ఆమెదే.

ఇప్పుడున్న కారుకు క్లచ్ పెడలే లేదు. అన్నీ అదే మార్చుకుంటుంది. నా ఎడమకాలు కూడా నాలాగే రిటైరైంది. అయినా ఆ అడవి దారిలో మేకలు అడ్డం వచ్చినప్పుడు అది తనంతట తాను లేచి, లేని పలక కోసం గాలిలో వెతుకుతుంది. వెంటనే దింపను. పక్క సీటులోంచి ఎవరైనా మోకాలి మీద తడతారేమోనని కాసేపు అలాగే ఉంచుతాను.