ఒంటిగంటా పదికి ఆగే రూటర్

ఎవరైనా దయ్యం సంగతి ఎత్తితే, ముందు వెళ్లి ఫ్యూజు చూసుకోమని చెప్పే మనిషిని నేను. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పన్నెండేళ్లుగా కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నాను. యంత్రం దానంతట అది ఏదో చేసిందంటే నాకు నవ్వొస్తుంది. ఎక్కడో వైరు వదులై ఉంటుంది, లేదా ఎవరో అబద్ధం చెబుతుంటారు. ఈ రెండూ కాని మూడోది నేను చూడలేదు, ఇప్పుడు రాస్తున్న ఈ ఒక్కటి తప్ప.

ఇది మా అక్క సుజాత ఇంట్లో జరిగింది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇంటికి ఆమె కోడలుగా వెళ్లింది. ఇల్లు, పక్కనే విగ్రహాలు చెక్కే షెడ్డు, రెండింటికీ మధ్య ఒకే గోడ. బావకు రాతిదుమ్ము వల్ల ఆయాసం పట్టుకుంది. ఇక ఉలి ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు ఇల్లు నడిచేది అక్క జీతంతోనే.

అక్క ఇంట్లోనే కూర్చుని ఒక ఆసుపత్రికి వచ్చే ఫోన్లు ఎత్తుతుంది. ఏ డాక్టరు ఎప్పుడుంటాడో చెప్పి, రోగుల పేర్లు రాసుకోవడం పని. ఆ కాల్స్ ఇంటర్నెట్ మీద వస్తాయి కాబట్టి నెట్ పోతే కాల్ తెగుతుంది. కాల్ తెగితే కంపెనీ వాళ్లు అక్క పేరు పక్కన తప్పు కింద ఒక గీత పెడతారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆ ఇంటి లైను మీద తప్ప తెరుచుకోదు. ఫోన్ నెట్‌తో సర్దుకుందామన్నా కుదరదు.

అక్క మామ పోయిన ఏడాది వానాకాలంలో చనిపోయాడు. నేనూ ఆయన్ని మామా అనే పిలిచేదాన్ని. ఆయనకొక పట్టింపు ఉండేది. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు ఉలులు, సుత్తులు తుడిచి గోనెపట్ట మీద పడుకోబెట్టేవాడు. కోత మిషన్ల స్విచ్చులన్నీ ఆపేవాడు. మనిషి అన్నం తినేటప్పుడు పనిముట్టుకూ విశ్రాంతి ఉండాలట. గోడకు ఇవతల రూటర్ పెట్టాక దాన్నీ ఆ లెక్కలో కలిపేశాడు.

అక్క మొత్తుకుంటే, "అదీ పనిముట్టే గదమ్మా. పొద్దన్నుంచి పని చేస్తానే ఉండాది. మనం కూడు తింటాంటే అది మేలుకోని ఉంటే బాగుంటాదా?" అన్నాడు.

ఈ మాట మీద ఇద్దరూ చాలాసార్లు గొడవపడ్డారు. చివరికి అక్కే తగ్గి, తన భోజన విరామం ఒంటిగంటకు మార్పించుకుంది. మామ ఆ వేళకు స్విచ్ ఆపేవాడు, అరగంట తర్వాత మళ్లీ వేసేవాడు. అలా గొడవ తీరింది.

ఆయన పోయాక షెడ్డుకు తాళం పడింది. కర్మలన్నీ ముగించి అక్క పనిలో కూర్చునేసరికి సూపర్‌వైజరు మారాడు. కొత్తాయన విరామం రెండు గంటలకు జరిపాడు. ఆ వారంలోనే మధ్యాహ్నం కాల్స్ తెగడం మొదలైంది.

అక్క ఫోన్ చేస్తే నేను తేలిగ్గా తీసుకున్నాను. ఇళ్లల్లో రూటర్ల ఆరోగ్యం కనిపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. దాన్ని మేం స్క్రిప్ట్ అంటాం. ఏ కంపెనీదీ కాదు, దేశదేశాల్లోని ఔత్సాహికులు తలా నాలుగు లైన్లు రాసి ఉచితంగా పెట్టింది. ఐదు నిమిషాలకోసారి రూటర్‌ను "ఉన్నావా" అని అడిగి, జవాబును ఒక ఫైల్లో రాసుకుంటుంది. దాన్ని నా పాత ల్యాప్‌టాప్‌లో వేసి, ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, అక్క టేబుల్ మీద పెట్టి వచ్చాను.

వారం తర్వాత ఫైలు చూస్తే రూటర్ రోజూ ఉదయం ఏడూ నలభైకి ఆగుతోందని ఉంది. ఆ వేళకు బావ నీళ్ల మోటారు వేస్తాడు. కాల్స్ తెగేది మధ్యాహ్నమని అక్క చెప్పినా వినకుండా, దొంగ దొరికాడని బావను రెండు రోజులు ఆటపట్టించాను, మోటారు కూడా ఆపించాను. తీరా చూస్తే స్క్రిప్ట్ రాసినవాళ్లు టైమును గ్రీనిచ్ గడియారం ప్రకారం పెట్టారు. మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. కలిపితే మధ్యాహ్నం ఒంటిగంటా పది.

పన్నెండేళ్లు ల్యాబు నడిపినదాన్ని, అంత చిన్న విషయం చూసుకోనందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే స్క్రిప్ట్‌ను సరిచేయడానికి కూర్చున్నాను. టైము మన గడియారానికి మార్చాను. ఐదు నిమిషాలను పది సెకన్లు చేశాను. రూటర్ ఆగిందని తప్ప ఎందుకాగిందో అది చెప్పేది కాదు. నువ్వు నిద్రలేచి ఎంతసేపైందని రూటర్‌నే అడిగే లైన్లు చేర్చాను. అదే ప్లగ్గుబోర్డు మీదున్న ల్యాప్‌టాప్ చార్జరుకు కరెంటు అందుతోందా లేదా అన్నదీ రాయించాను. నెట్ తిరిగి రాగానే నా ఫోన్‌కు తెలుగులో మెసేజ్ వచ్చేట్టు పెట్టాను.

మర్నాటి నుంచి మెసేజ్‌లు మొదలయ్యాయి. ఒంటిగంటా పదికి ఆగింది, ఒంటిగంటా నలభైకి లేచింది. లేచాక రూటర్ లెక్క సున్నా నుంచి మొదలైంది, అంటే దానికి కరెంటే పోయింది. పక్కనే ఉన్న చార్జరుకు మాత్రం ఒక్క సెకను కూడా పోలేదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రోజూ ఇదే వరస.

అడాప్టరు మార్చాను. ప్లగ్గు పాయింటు మార్పించాను. లైను వాళ్లు వచ్చి కొత్త రూటర్ పెట్టి వెళ్లారు. కరెంటు పోయినా రెండు గంటలు నడిపే బ్యాటరీ డబ్బా కొని మధ్యలో తగిలించాను. ఏం చేసినా మార్పు లేదు. అక్క ఆ వేళకు ఏదో ఒక సాకు చెప్పి లేస్తూ నెట్టుకొచ్చింది. అయినా గీతలు పడుతూనే ఉన్నాయి.

చివరికి ఒకరోజు సెలవు పెట్టి, పన్నెండున్నరకే రూటర్ ముందు కుర్చీ వేసుకున్నాను. అక్క, బావ నా కళ్ల ముందే ఉన్నారు. ఒంటిగంటా పదికి రూటర్ దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. స్విచ్ వేసే ఉంది. బ్యాటరీ డబ్బా దీపం వెలుగుతోంది. టెస్టరు పెడితే సాకెట్లో కరెంటు ఉంది. రూటర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు. ముప్పై ఒక్క నిమిషాలకు దానంతటదే లేచింది.

బావ గోడకు ఆనుకుని నిలబడి, "నాయన కూటికి కూచున్నెట్లుండాదమ్మీ" అన్నాడు. వేళాకోళానికి అన్నమాట కాదది.

"పోయినోళ్లకు కూడేంది? పనికిమాలిన మాటలు" అని అక్క విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారానికి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే గురువారం ఒంటిగంట నుంచి రెండు దాకా ఆసుపత్రి వాళ్లే అక్క కాల్స్ వింటారు. ఒక్క కాల్ తెగినా పై నెల నుంచి పని ఉండదు. టైము మార్చమని అక్క బతిమాలింది. కుదరదన్నారు. బావ షెడ్డు తాళంచెవి వెతుక్కుని, మళ్లీ ఉలి పడతానన్నాడు. ఆ మాటకు అక్క ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఊపిరితిత్తులతో ఆయన షెడ్డులో కూర్చుంటే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

దిక్కుతోచక స్క్రిప్ట్ రాసిన గుంపుకే రాశాను. నేను చేసిన మార్పులు పంపి, రెండు నెలల ఫైలు జతచేసి, మీకేమైనా అర్థమవుతుందా అని అడిగాను. మా అక్క ఎవరో, మామ ఎవరో వాళ్లకు తెలియదు. మర్నాడు ఒకాయన జవాబిచ్చాడు. టైము సరిచేసినందుకు ముందు థాంక్స్ చెప్పాడు. ఇది రూటర్ జబ్బు కాదని, ఇంట్లో ఎవరో రోజూ స్విచ్ ఆపి మళ్లీ వేస్తున్నారని రాశాడు. యంత్రం అయితే ఇలా నిమిషం అటూ ఇటూ కాదట. పైగా ఈ రెండు నెలల్లో ఆ మనిషి రెండు రోజులు సెలవు తీసుకున్నాడని, అతనెవరో కనుక్కుని అడిగి చూడమని రాశాడు.

ఆ రెండు రోజుల సంగతి నేను గమనించలేదు. మెసేజ్ రాని రోజును ఎవరు పట్టించుకుంటారు? ల్యాబు గోడ మీది క్యాలెండర్ తిప్పి చూశాను. రెండూ అమావాస్యలు. వాళ్ల షెడ్డులో ఆదివారం కూడా పని ఉండేది గానీ, అమావాస్య నాడు మాత్రం ఉలి పట్టేవాళ్లు కాదు, మిషన్ తిప్పేవాళ్లు కాదు. మామ బతికున్నన్నాళ్లూ ఆ రోజు స్విచ్చుల జోలికి వెళ్లేవాడు కాదు.

ఆ జవాబును అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. అమావాస్యల సంగతీ చెప్పాను. "అడగమన్న్యాడా?" అని మాత్రం అంది.

గురువారం నేను ల్యాబులో అక్క ఇంటి ఫైలు నెట్ మీదుగా తెరుచుకుని కూర్చున్నాను. పది సెకన్లకో లైను పడుతోంది. ఒంటిగంటా తొమ్మిదికి ఉంది. ఒంటిగంటా పదికి ఉంది. పదకొండుకూ ఉంది. రెండు కొట్టేదాకా నేను కుర్చీలోంచి కదల్లేదు. ఒక్కసారి కూడా "లేదు" అని పడలేదు. ఆ రోజు అమావాస్య కాదు. క్యాలెండర్ రెండుసార్లు చూసుకున్నాను.

అక్క ఉద్యోగం నిలబడింది. సాయంత్రం బావ ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఒంటిగంటకు ముందు అక్క ప్లగ్గుబోర్డు దగ్గరికి వెళ్లి, కొంగు నెత్తి మీదికి లాక్కుని నిలబడిందట. "మామా, ఈ ఒగ దినం నాకు ఇడ్సిపెట్టు. నీ కొడుకు మళ్ల రాయి ముట్టకుండా ఉండల్ల గదా" అన్నదట.

ఆ తర్వాత రూటర్ మళ్లీ ఆగలేదు. మర్నాడూ ఆగలేదు, ఆ వారమంతా ఆగలేదు. నేను పొంగిపోయి ఫోన్ చేస్తే అక్క గొంతులో సంతోషం లేదు.

"ఒగ దినం అంటి మే నేను," అంది. "ఇంగ రావద్దని అన్లేదు."

నాలుగు నెలలైంది. లోపల ఏదో అతుకు వదులై ఉండి సర్దుకుని ఉంటుందని ఒక ఎలక్ట్రీషియన్ అన్నాడు. కావచ్చు. రూటరూ అడాప్టరూ మార్చాక కూడా అదే అతుకు ఎలా మిగిలిందో, దానికి అమావాస్య ఎలా తెలిసిందో ఆయన చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను. ఎందుకు ఆగేదో తెలియదు, ఎందుకు మానిందో అంతకన్నా తెలియదు. నా మార్పులను ఆ గుంపువాళ్లు అసలు స్క్రిప్ట్‌లో కలుపుకున్నారు. ఆ మనిషెవరో తెలిసిందా అని జవాబిచ్చినాయన అడిగాడు. ఇంట్లో పెద్దాయన, అడిగితే మానేశాడు అని రాశాను.

ఇక పని లేదు కదా, ల్యాప్‌టాప్ తెచ్చేసుకుంటానంటే అక్క ఒప్పుకోవడం లేదు. వారానికోసారి ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివర్లో రూటర్ ఆగినట్టు మెసేజ్ ఏమన్నా వచ్చిందా అని అడుగుతుంది. అలాంటి మెసేజ్ ఒకటి నేనే తయారుచేసి చూపించాలంటే రెండు నిమిషాల పని. ఒకరోజు మొదలుపెట్టి కూడా తుడిపేశాను. రాలేదక్కా అనే చెబుతున్నాను.