పొయ్యిలు ఆర్పించే పెద్దింట్లమ్మ

తుని దాటాక కొండ కింద ఉన్న ఆ ఊళ్లో ముప్పై తాటాకిళ్లు ఉండేవి. ఎండలు ముదిరితే కొండ మీది జీడితోటలు అంటుకునేవి. పడమటి గాలి మొదలైందంటే ఒక్క నిప్పురవ్వకు ఊరి వరసంతా పోతుంది. అందుకని పెద్దింట్లమ్మ రోజూ పొద్దున్నే కొండ మీది పొగను చూసేది. పొగ ఊరివైపు వాలితే ఇంటింటికీ తిరిగి, దగ్గరుండి పొయ్యిల్లో నీళ్లు పోయించేది. పొద్దున వండిందే సాయంత్రం దాకా. ఇరవయ్యేళ్లుగా అది ఆవిడ పని.

తొంభై ఎనిమిది మే నెలాఖరున, సాయంత్రానికి జల్లులు పడతాయని రేడియోలో చెప్పారు. ఆ పొద్దున పొగ ఊరివైపే వాలింది.

"పొయ్యి ఆర్పేయవే అశ్వినీ" అంది పెద్దింట్లమ్మ, పక్కింటి కోడలితో.

"రేడియోలో వానన్నారు కదత్తా. వాళ్లకంటే నీ పొగకే ఎక్కువ తెలుసేంటి?" అంది అశ్విని, పప్పు కలుపుతూ.

వీధిలో ఆడవాళ్లు నవ్వారు. ఇంకెప్పుడైనా అయితే పెద్దింట్లమ్మే బిందె అందుకుని నీళ్లు పోసేది. ఆ నవ్వుకు సిగ్గేసి ఇంటికి వెళ్లిపోయింది.

మిట్టమధ్యాహ్నం గాలి లేచింది. అశ్విని పొయ్యిలోని రవ్వ చూరుకు అంటుకుని, గంటలో పదకొండిళ్లు బూడిదయ్యాయి. సాయంత్రం ఆరింటికి వాన పడింది.

"రేడియోవాళ్లు అబద్ధం చెప్పలేదు, వానైతే పడింది" అన్నాడు అశ్విని మొగుడు బుల్లబ్బాయి, తడిసిన బూడిదలో నిలబడి. "నువ్వే ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది పిన్నీ."

ఇరవయ్యేళ్లు గట్టిగానే చెప్పానురా అందామనుకుంది పెద్దింట్లమ్మ. అవునవునని చుట్టూ అందరూ తలలూపుతున్నారు. ఆవిడా ఊపింది.