కంప్యూటర్‌కు కోపం రాదు

మా కాలేజీలో అడ్మిషన్ల గది ముందున్న వసారాకు కొత్త బండలు వేస్తున్నారు. వికారాబాద్‌లో ఎవరు బండలు వేయించినా అవి తాండూరు నుంచే వస్తాయి. మేస్త్రీ మిషన్‌తో కోస్తూ నీళ్ళు పోస్తుంటే లేచే తడి బండ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఏ కోర్సు తీసుకోవాలి, ఏ కాలేజీ పెట్టుకోవాలి అని పిల్లలకు సలహా చెప్పడం నా ఉద్యోగం. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి చెబుతున్న మాట సగంలో ఆపేశాను. "ఏమైంది మేడం, నా మార్కులు చాలవా?" అని ఆ పిల్ల బెదిరిపోయింది. మార్కులకేం లోటు లేదమ్మా, మా రహమత్ సార్ గుర్తొచ్చారు అన్నాను. ఆయనెవరో ఆ పిల్లకు తెలియదు. మీకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

రహమత్ సార్ తాండూరులో నేను మొదట ఉద్యోగం చేసిన కాలేజీలో కామర్స్ లెక్చరర్. నేను చేరేసరికే రిటైరయ్యారు. అడ్మిషన్ల కాలం ఒక్కటి గడిపేసి వెళ్ళమని యాజమాన్యం బతిమాలితే ఉండిపోయారట. ఆ ఒక్క కాలం ఏళ్ళ తరబడి సాగింది. పొట్టి మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, తన జోక్‌కు తానే ముందు నవ్వే అలవాటు. నేను రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వెళ్ళేదాన్ని. కుర్చీలో కూర్చోకముందే, "ఏమంటున్నరు బేటీ రైల్ల పిల్లలు?" అని అడిగేవారు. దారిలో ధారూర్ స్టేషన్‌లో ఎక్కే ఇంటర్ పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో వినిరావడం నా పనిలో భాగం. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎమ్మెస్సీ చదివింది దొంగచాటుగా వాళ్ళ మాటలు వినడానికా అని. "పేపర్ల వచ్చేసరికి ఆలస్యమయితది. అందరు కంప్యూటర్లే అంటున్నరా, బీకామ్ అంటున్నరా, మనకు ఇప్పుడే తెల్వాలె గద," అనేవారు. నిజంగానే ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు. చరిత్ర సీట్లు ఖాళీగా మిగులుతాయని, డేటా సైన్స్ అన్న పేరు చూసి జనం ఎగబడతారని, డిగ్రీలో మగపిల్లల కంటే ఆడపిల్లలు ఎక్కువవుతారని ఆయన నోటే ముందు విన్నాను.

మారిన కాలాన్ని తిట్టుకునే పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. సార్ ఆ బాపతు కాదు. ఏటా ఏదో ఒక నిబంధన మారేది. మేం తల పట్టుకుంటే ఆయనకు పండగ వచ్చినట్టుండేది. ఒకే దరఖాస్తుతో రాష్ట్రంలో ఏ కాలేజీనైనా కోరుకోవచ్చు అన్నప్పుడు మా ప్రిన్సిపాల్ నెత్తిన చేతులు పెట్టుకున్నారు, పిల్లలంతా పట్నం పోతారని. "పోనీయుండ్రి సార్, మనం మంచిగుంటే పట్నపోళ్ళు గూడ ఇక్కడికే వస్తరు," అని సార్ నవ్వారు. ఎవరూ రాలేదనుకోండి, అది వేరే సంగతి. సైన్సు పిల్లలు కూడా తమకు నచ్చిన వేరే సబ్జెక్టు కలిపి తీసుకోవచ్చు అన్నప్పుడయితే, "నా కాలంల ఇది ఉండుంటే నేను ఉర్దూ కవిత్వం, అకౌంట్లు రెండూ చదువుదును," అని రోజంతా మురిసిపోయారు.

మా వైపు తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటుంది. ఆన్‌లైన్‌లో కాలేజీలను మనకిష్టమైన వరుసలో పెట్టాలి. మొదటిది రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది చూస్తుంది కంప్యూటర్. మావాళ్ళు మాత్రం ఖాయంగా వచ్చేదాన్ని మొదట పెడతారు. అది వచ్చేస్తుంది. కింద పెట్టిన మంచి కాలేజీ వచ్చేదే అయినా ఇక రాదు. ఎంత చెప్పినా వినరు. ఎందుకు వినరో నాకు అర్థమయ్యేది కాదు, బంట్వారం ఊరి నుంచి మల్లారెడ్డి గారు వచ్చేవరకూ.

ఆయన తన కూతురు శిరీషను వెంటబెట్టుకుని ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజున, అదీ మధ్యాహ్నం దాటాక వచ్చారు. శిరీషకు స్టాటిస్టిక్స్ అంటే ప్రాణం. పట్నంలోని పెద్ద ఆడపిల్లల కాలేజీలో ఆ సీటు కావాలి, హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. మార్కులు చూస్తే అటూ ఇటూగా ఉన్నాయి. మల్లారెడ్డి గారు మాత్రం తాండూరు కాలేజీనే మొదట పెట్టమన్నారు. నేను నిబంధన వివరించాను. మళ్ళీ వివరించాను. ఆయన తల ఊపి, "మీరు చెప్పేది నిజమే మేడం. గని తాండూరుదే ముందల పెట్టుండ్రి," అన్నారు. శిరీష తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతోంది. ఆ పిల్లను చూస్తుంటే నాకు ఏడుపొచ్చేటట్టుంది.

అప్పుడు రహమత్ సార్ లేచి గదిలోని కుర్చీలన్నీ వరసగా వేశారు. ఒకటి కిటికీ పక్కన, ఫ్యాన్ కింద. మిగతావి గోడవారగా.

"పటేల్ సాబ్, ఇప్పుడు నేను కంప్యూటర్‌ను. మీకు ఏ కుర్చీ గావాలె, అడుగుండ్రి," అన్నారు, మల్లారెడ్డి గారిని ఊరి పెద్దలను పిలిచినట్టు పిలుస్తూ.

మల్లారెడ్డి గారు మొహమాటపడి గోడవార కుర్చీ చూపించారు.

"అది కాదు. నిజంగ ఏది గావాలె?"

"ఫ్యాన్ కింద ఉన్నది."

"అది ఖాళీ లేదు. తర్వాతది?"

"గోడ కాడిది."

"తీసుకోండ్రి. మీదే."

ఆయన కూర్చోలేదు. అక్కడే నిలబడి, "అంటే సారూ, నేను పెద్దది అడిగిన గద. దానికి కోపం రాదా?" అన్నారు.

నేను ఫక్కున నవ్వబోయి సార్ ముఖం చూసి ఆగాను. ఆయన నవ్వడం లేదు. "రాదు పటేల్ సాబ్. కంప్యూటర్‌కు కోపం రాదు," అని నెమ్మదిగా చెప్పారు. అప్పుడు మల్లారెడ్డి గారు విప్పారు అసలు సంగతి. పాతకాలంలో తమ్ముణ్ణి తీసుకుని కౌన్సెలింగ్‌కు పట్నం పోయారట. అక్కడ ఇచ్చిన సీటు కాదని ఇంకాస్త మంచిదానికి ఆగితే రెండూ పోయాయి. తమ్ముడు చదువే మానేశాడు. ఎక్కువ ఆశపడ్డందుకే అలా జరిగిందని ఇంట్లో అందరూ ఆయన్నే అన్నారు. మంచిది అడిగితే చేతిలో ఉన్నది పోతుందన్న ఆ భయాన్ని నా నిబంధనలు ఎలా తీసేస్తాయి?

అంతటితో అయిపోలేదు. "సరే సారూ, సీటు పోదు. గని సీటొస్తే బిడ్డ హాస్టల్ల ఉండాలె. ఇల్లు ఎట్ల బోసిపోతదో," అని గొంతు తగ్గించారు. శిరీష తలెత్తింది. నేను హాస్టల్ ఎంత భద్రమో చెప్పబోయాను. సార్ నా ముందున్న ఫైలు మూసేసి, "అది నాకు చెప్పే ముచ్చట గాదు పటేల్ సాబ్, మీ బిడ్డకు చెప్పుండ్రి. పా బేటీ, చాయ్ తాగొద్దాం," అని నన్ను బయటికి లాక్కుపోయారు.

గడువు సాయంత్రం ముగుస్తుంది. నాకు చాయ్ గొంతు దిగితే ఒట్టు. సార్ మాత్రం చక్కెర తక్కువైందని హోటలాయనతో వాదన పెట్టుకున్నారు. "సార్, నాలుగు మాటలు చెబితే ఒప్పుకునేవాడు కదా," అన్నాను కోపంగా. "ఒప్పుకుంటడు. మన కోసం ఒప్పుకున్నది ఇంటికి పోంగనే మర్చిపోతడు," అని గ్లాసు మళ్ళీ నింపించుకున్నారు. మేం తిరిగొచ్చేసరికి ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. "పట్నందే ముందల పెట్టుండ్రి మేడం. జల్ది," అన్నారు మల్లారెడ్డి గారు, ఆలస్యం చేసింది నేనే అయినట్టు.

సీట్లు కేటాయించిన రోజు శిరీషకు పట్నం రాలేదు. తాండూరే వచ్చింది. మల్లారెడ్డి గారి ముఖం ఎలా చూడాలో నాకు తెలియలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన కాలేజీ గేటు దగ్గర ఉన్నారు, శిరీషను వెంటబెట్టుకుని. "రెండోసారి అడగొచ్చంట గద సారూ. ఈ సీటు చేతిలనే పెట్టుకొని అడుగుదాం. దానికి కోపం రాదంటిరి గద," అన్నారు. శిరీష నోరు తెరిచి తండ్రిని చూసింది. సార్ ఆ రోజంతా పాట హమ్ చేస్తూ తిరిగారు. రెండో విడతలో పట్నం సీటు వచ్చింది. ఫోన్ చేసిన మల్లారెడ్డి గారు ఆ మాట చెప్పి, వెంటనే ఫోన్ శిరీషకిచ్చేశారు.

సార్ రెండేళ్ళ కింద పోయారు. ఆ రోజు ఆయన ఇంటి ముందు ఎంతమంది పాత విద్యార్థులో. బంట్వారం నుంచి మల్లారెడ్డి గారు వచ్చారు. శిరీష ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోందని చెప్పి, ఆ కుర్చీల సంగతంతా అక్కడున్నవాళ్ళకు మొదలుపెట్టారు. "నేను కంప్యూటర్‌తోని ముఖాముఖి మాట్లాడిన మనిషిని," అనగానే సార్ పెద్ద కొడుకు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశాడు. తర్వాత అందరం నవ్వాం. సార్ ఉంటే మా అందరికంటే ముందు నవ్వేవారు.

నేను పిల్లలకు చెప్పేవి ఏటేటా మారుతూనే ఉన్నాయి. కిందటేడు చెప్పినది ఈ ఏడు తప్పవుతుంది. ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చిన పిల్లలు నాకే ఎదురు చెబుతారు, ఒక్కోసారి వాళ్ళదే నిజమవుతుంది కూడా. చదువు సంగతి నేను చెప్పగలను. ఇంట్లో ఒకరినొకరు విడిచి ఉండగలరో లేదో వాళ్ళే చెప్పుకోవాలి. ఆ మాట దగ్గరికి వచ్చారనిపించగానే కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరగా వేసి, వసారాలోకి వచ్చేస్తాను. కానీ సార్‌లా నిశ్చింతగా చాయ్ తాగడం నాకు ఇప్పటికీ చేతకాదు. గ్లాసు పట్టుకుని నిలబడతాను, చెవి మాత్రం తలుపు దగ్గరే ఉంటుంది. లోపల తల్లో తండ్రో మొదటిసారి గొంతు విప్పేవరకూ ఆ గ్లాసు నోటి దాకా పోదు.